ఐదో తరగతి దాటేలోపు ప్రతి గొంతుకీ ఒక పాట

(కోనసీమలో ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

హెచ్ఎంలు, టీచర్లతో పాటు వెనక వరసల్లో కొందరు తల్లిదండ్రులు కూడా కనిపిస్తున్నారు. మంచిదే. నేను చెప్పేదాంట్లో సగం వాళ్ళకి కూడా చెందుతుంది. బ్యానరు మీద "ప్రాథమిక పాఠశాలల్లో సంగీత విద్య: విలువ, లక్ష్యాలు" అని రాశారు. ఆ పేరు చూసి రాగాల గురించీ, త్యాగరాజస్వామి గురించీ మాట్లాడతానని మీరు అనుకుని ఉంటారు. అవి నాకు ఇష్టమైన విషయాలే. కానీ ఇవాళ వాటి జోలికి ఎక్కువగా పోను.

నేను చెప్పదలుచుకున్నది ఒక్కటే. మన బడిలో ఐదో తరగతి పూర్తి చేసి బయటికి వెళ్ళే ప్రతి పిల్లా, ప్రతి పిల్లాడూ నలుగురితో గొంతు కలిపి శ్రుతిలో ఒక పాట పాడగలగాలి. పాట నడుస్తుంటే తాళం తప్పకుండా చేయగలగాలి. బాగా పాడే ఇద్దరు ముగ్గురి సంగతి కాదు నేనంటున్నది, హాజరు పట్టీలో పేరున్న ప్రతి ఒక్కరి సంగతి. దీన్ని నేర్పాల్సింది నాలాంటి సంగీతం మాస్టార్లు కాదు, మీరు. ఒకటో తరగతి చెప్పే టీచరు, రెండో తరగతి చెప్పే టీచరు.

"మాకే పాడటం రాదు కదండీ" అనే మాట ఇప్పటికే కొందరి మొహాల్లో కనబడుతోంది. దాని దగ్గరికి వస్తాను.

ముందు ఒక తప్పుడు వాదాన్ని పక్కన పెడదాం. సంగీతం నేర్పితే పిల్లలకు లెక్కలు బాగా వస్తాయి, తెలివితేటలు పెరుగుతాయి అని ఈమధ్య చాలామంది చెబుతున్నారు. ప్రైవేటు స్కూళ్ళ కరపత్రాల్లో కూడా అచ్చేస్తున్నారు. ఈ మాట ఎక్కువగా ప్రచారంలోకి వచ్చింది 1993లో. 'నేచర్' పత్రికలో ఒక చిన్న పరిశోధన వచ్చింది. మొజార్ట్ సంగీతం కాసేపు విన్న తరవాత కొందరు ఒక రకం పజిల్స్ కొంచెం బాగా చేశారని అందులో ఉంది. ఆ కొందరు కాలేజీ విద్యార్థులు, చిన్నపిల్లలు కారు. వాళ్ళు సంగీతం నేర్చుకోలేదు, విన్నారంతే. ఆ ఫలితం కూడా పది పదిహేను నిమిషాలకి మించి నిలవలేదు. అలాంటిది ఊళ్ళు దాటి, దేశాలు దాటి "మొజార్ట్ వింటే పిల్లలు మేధావులవుతారు" అనేదాకా పెరిగింది. గర్భిణీ స్త్రీల కోసం క్యాసెట్లు కూడా అమ్ముకున్నారు.

ఈ వాదంతో నాకు ఇంకో పేచీ కూడా ఉంది. లెక్కల కోసమే సంగీతం అన్నామనుకోండి, లెక్కల మాస్టారు లేచి "ఆ పీరియడ్ కూడా నాకే ఇచ్చేయండి, నేరుగా లెక్కలే చెబుతాను" అంటాడు. అతను అన్నదాంట్లో తప్పేమీ లేదు. సంగీతానికి సంగీతంగా బడిలో చోటు ఉందని చెప్పలేకపోతే, ఇంకో సబ్జెక్టుకి పనిమనిషిగా ఎంతోకాలం నిలబెట్టలేం. అమెరికాలో బోస్టన్ నగరం 1838లో సర్కారు బడుల్లో పాటను పాఠ్యాంశంగా పెట్టింది. అప్పుడు కూడా బుద్ధికి మంచిది, నీతికి మంచిది, ఒంటికి మంచిది అని మూడు కారణాలు చూపించే ఒప్పించారు. పాట పాటగా ఎందుకు కావాలో చెప్పడం అప్పటికీ ఇప్పటికీ కష్టంగానే ఉంది.

మరి ఎందుకు కావాలి? మన గోదావరి జిల్లాల సంగతే తీసుకోండి. మంగళంపల్లి బాలమురళీకృష్ణ గారు పుట్టిన శంకరగుప్తం ఇక్కడికి ఎంతో దూరం లేదు. వీణ ఈమని శంకరశాస్త్రి గారిది ద్రాక్షారామం. ఆయన శిష్యుడు చిట్టిబాబు గారిది కాకినాడ. నేదునూరి కృష్ణమూర్తి గారు పిఠాపురం దగ్గర కొత్తపల్లిలో పుట్టారు. ఇంత చిన్న నేల మీద ఇంతమందా అని మనం మురిసిపోతాం, సభల్లో వాళ్ళ ఫొటోలకు దండలు వేస్తాం. కానీ ఒక ప్రశ్న వేసుకోవాలి: వీళ్ళకు పాట ఎక్కడ దొరికింది? బాలమురళి గారి నాన్నగారు వేణువు వాయించేవారు, అమ్మగారు వీణ వాయించేవారు. శంకరశాస్త్రి గారి నాన్నగారు వీణ విద్వాంసులు. అంటే వాళ్ళకు పాట ఇంట్లోనే ఉంది. నేదునూరి వారికి విజయనగరం సంగీత కళాశాల దొరికింది. 1919లో మొదలైన ఆ కళాశాలకు తొలి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసు గారు.

ఇల్లు గానీ, గురువు గానీ, కళాశాల గానీ దొరకని పిల్లల మాటేమిటి? కొబ్బరి దింపే ఆయన కూతురు, పీచు మిల్లులో పనిచేసే ఆమె కొడుకు, చేపల చెరువు కాపలా కాసే ఆయన పిల్లలు, వీళ్ళకి సంగీతం ఎక్కడ దొరకాలి? ఫోనులో దొరుకుతుంది అంటారు. ఫోనులో వినడం దొరుకుతుంది, పాడటం దొరకదు. ఎంత విన్నా సరే, "నువ్వు కొంచెం పైకి పోతున్నావమ్మా, పక్కనున్న అమ్మాయి గొంతు విను" అని ఫోను చెప్పదు. ఆ మాట చెప్పగల చోటు, డబ్బు అడగని చోటు మన దగ్గర ఒక్కటే ఉంది. అది మీ బడి.

ఇందులోనే ఇంకో సంగతి ఉంది. అందరం చూస్తూ పైకి అనకుండా ఊరుకునే సంగతి. మన ఊళ్ళల్లో పాట, వాద్యం ఇళ్ళ వారీగా, పేటల వారీగా పంచుకుని ఉన్నాయి. కీర్తన ఒక వీధిది. సన్నాయి, డోలు ఒక ఇంటివి. డప్పు ఒక పేటది. పెళ్ళిలో సన్నాయి లేకపోతే మనకి మంగళం కాదు, జాతరలో డప్పు లేకపోతే అమ్మవారి గరగలు కదలవు. అయినా సన్నాయి వాయించే ఆయన మనవడు బడిలో "మా తాత మేళగాడు" అని చెప్పడానికి సిగ్గుపడతాడు. డప్పు కొట్టే ఇంటి పిల్లాడు ఆ మాటే ఎత్తడు. ఆ పిల్లాడి చేతిలో ఉన్న లయ మనలో చాలామందికి జీవితకాలం సాధన చేసినా రాదు. వాడు దాన్ని బడి గేటు బయట వదిలేసి లోపలికి వస్తున్నాడు. ఆ డప్పు బడిలోకి వచ్చి, టీచరు ఎదుట మోగి, మిగతా పిల్లలు దాన్ని నేర్చుకోవడానికి వరసలో నిలబడ్డ రోజు ఆ పిల్లాడి నడకలో వచ్చే మార్పు నేను చూశాను. సంగీత విద్య లక్ష్యాల్లో దీన్ని చిట్టచివర రాస్తారు, లేదా అసలు రాయరు. నేనైతే మొదట రాస్తాను.

సరే, ఇక ఆచరణలోకి దిగుదాం. రేపు పొద్దున మీ బడిలో జరిగేదాంతోనే మొదలుపెడతాను.

ప్రేయర్‌లో 'జన గణ మన' పాడతారు. రోజూ పాడతారు, సంవత్సరమంతా పాడతారు. అంటే సంగీతం క్లాసు మీ బడిలో ఇప్పటికే ఉంది, దానికి ఎవరూ ఆ పేరు పెట్టలేదంతే. ఆ పాట షడ్జమంలో, అంటే 'స'లో మొదలై మెట్టుమెట్టుగా పైకి వెళుతుంది. చివర్లో మొదటి 'జయహే' దగ్గర పై షడ్జమం తాకుతుంది. అంటే ఎత్తుకున్న చోటికీ, చేరాల్సిన చోటికీ మధ్య పూర్తిగా ఒక స్థాయి దూరం ఉంది. ఇది తెలియక ఏం చేస్తామంటే, ముందు నిలబడ్డ లీడరు అమ్మాయి ఉత్సాహంగా గొంతెత్తి, తనకు ఎక్కడ తోస్తే అక్కడ ఎత్తుకుంటుంది. 'పంజాబ సింధు' దాకా బాగానే ఉంటుంది. 'జయహే' వచ్చేసరికి సగం మంది అరుస్తారు, పావు మంది కింద స్థాయికి జారిపోతారు, మిగతావాళ్ళు పెదాలు కదుపుతారు. మగపిల్లలు నవ్వుతారు. టీచరు కళ్ళెర్రజేస్తాడు. తప్పు పిల్లలది కాదు, ఎత్తుకున్న శ్రుతిది.

దీనికి మందు సులువే. హార్మోనియం భాషలో ఒకటి (స్థాయిలో మొదటి తెల్ల మెట్టు), ఒకటిన్నర (దాని పక్క నల్ల మెట్టు) శ్రుతి దగ్గర ఎత్తుకుంటే పిల్లల గొంతులకి ఈ పాట అటూ ఇటూ సరిపోతుంది. రెండు వరకూ కూడా పరవాలేదు. ఆడ టీచర్లు కచేరీల్లో విన్నట్టు ఐదు శ్రుతిలో ఎత్తుకుంటే పిల్లల గొంతులకి కుదరదు. శ్రుతి పెట్టె కొనక్కర్లేదు, ఫోనులో ఉచితంగా తంబురా యాప్‌లు ఉన్నాయి. పాటకి ముందు శ్రుతి వినిపించండి. పిల్లలందరూ నోరు మూసుకుని 'మ్...' అంటూ దాంట్లో కలవాలి. కలిశాక పాట. మగ టీచర్లు ఒక విషయం గుర్తుంచుకోవాలి. మీ గొంతుకన్నా పిల్లల గొంతు ఒక స్థాయి పైన ఉంటుంది. కొందరు పిల్లలు మిమ్మల్ని అనుకరించబోయి మీ మంద్రంలోకి దిగాలని చూస్తారు, దిగలేక గొణుగుతారు. అప్పుడు మీరు ఆపేసి, బాగా కలిసిన ఒక పిల్ల చేత పాడించండి. పిల్లలకి పిల్లల గొంతే మంచి గురువు.

శ్రుతిలో కలవని పిల్లల్ని "నువ్వు పాడకు, నోరు కదుపు చాలు" అనే అలవాటు మన బడుల్లో ఉంది. ముఖ్యంగా ఆగస్టు 15 దగ్గరపడినప్పుడు. దయచేసి ఇది మానేయండి. నిజంగా స్వరంలో తేడా పట్టుకోలేనివాళ్ళు చాలా అరుదుగా ఉంటారు. మిగతావాళ్ళకి చెవి ఉంది, గొంతుకీ చెవికీ మధ్య దారి ఇంకా పడలేదు, అంతే. ఆరేళ్ళ వయసులో ఆ దారి వేయడం తేలిక. ఆ వయసులో "నీకు పాట రాదు" అని చెబితే ఆ మాట అరవై ఏళ్ళదాకా ఉండిపోతుంది. ఈ హాల్లోనే ఉన్నారు అలాంటివాళ్ళు. చేతులెత్తమని అడగను.

ఇక లయ. ఇది శ్రుతికన్నా తేలిక, పైగా మనకి అద్భుతమైన సరుకు సిద్ధంగా ఉంది. రెండో తరగతి పిల్లలు కూడా వేమన పద్యం చెబుతారు కదా. 'ఉప్పు కప్పురంబు' తీసుకోండి. దాని రెండో పాదం, "చూడ చూడ రుచుల జాడ వేరు." ఆటవెలది రెండో పాదంలో ఐదు సూర్యగణాలు ఉంటాయని ట్రైనింగ్‌లో చదువుకున్నారు, పరీక్షలో రాశారు, మరిచిపోయారు. సూర్యగణం అంటే మూడు మాత్రలు. 'చూడ' మూడు మాత్రలు. మళ్ళీ 'చూడ' మూడు. 'రుచుల' మూడు. 'జాడ' మూడు. 'వేరు' మూడు. ఒక్కో గణానికి ఒక్కో చప్పట్టు కొట్టిస్తూ చెప్పించండి. ఐదు చప్పట్లు, ఒక్కో చప్పట్టులో మూడు మాత్రలు. సంగీతంలో దీన్నే తిశ్రం అంటాం, 'తకిట తకిట' అని. పిల్లలకి ఆ పేర్లేవీ అక్కర్లేదు. వాళ్ళు చప్పట్లు కొడుతూ పద్యం అంటూ బడి వరండా చుట్టూ నడిస్తే చాలు. ఛందస్సు, తాళం, తెలుగు పాఠం, మూడూ ఒకేసారి అయిపోతాయి.

ఇక్కడ ఒక ఉపయోగం ఉంది. సంగీతం ఇంకో సబ్జెక్టుకి పనిమనిషి కాకూడదని ఇందాక నేనే అన్నాను కాబట్టి కొంచెం మొహమాటంగానే చెబుతున్నాను. డిక్టేషన్‌లో పిల్లలు ఎక్కువగా తప్పేది దీర్ఘాల దగ్గర. 'కల'కీ 'కాల'కీ, 'మెడ'కీ 'మేడ'కీ తేడా రాతలో దీర్ఘం, ఏత్వం కావచ్చు గానీ నోట్లో అది కాలం తేడా. ఒక మాత్రా, రెండు మాత్రలా అన్నదే. గుణింతాన్ని 'క' అన్నప్పుడు ఒక దెబ్బ, 'కా' అన్నప్పుడు రెండు దెబ్బలు బల్ల మీద వేయించి చూడండి. ఎఫ్ఎల్ఎన్ (పునాది అక్షరాస్యత, సంఖ్యాజ్ఞానం) అనీ, నిపుణ్ భారత్ అనీ 2021 నుంచీ మనమంతా తెగ టెన్షన్ పడుతున్నాం కదా, మూడో తరగతికల్లా చదవడం రావాలని. దీర్ఘాన్ని చెవితో పట్టుకోని పిల్ల కంటితో ఎలా పట్టుకుంటుంది?

లయ గురించి ఇంకో మాట. కనుమ నాడు జగ్గన్నతోటకి ప్రభల తీర్థానికి వెళ్ళనివాళ్ళు ఇక్కడ ఎవరూ ఉండరు. గంగలకుర్రు ప్రభలు కౌశిక దాటేటప్పుడు చూసే ఉంటారు. అంత ఎత్తు ప్రభ, అంత బరువు, కింద నీళ్ళు, బురద, భుజం కాసేవాళ్ళు డజన్ల మంది. ఒకడు ముందు అడుగేసి ఇంకొకడు వెనక వేస్తే ప్రభ ఒరిగిపోతుంది. అక్కడ 'అశరభ శరభ' అనే కేక, వాద్యాల దెబ్బ పడుతుంటే అన్ని పాదాలూ ఒకేసారి లేస్తాయి. అది భక్తి అంటాం. భక్తే, కాదనను. తాళం కూడా. పదిమంది ఒక్క దెబ్బ మీద కలవడం అంటే ఏమిటో మన ఊళ్ళకి ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. పడవ లాగినప్పుడూ, నాట్లు వేసినప్పుడూ, వడ్లు దంపినప్పుడూ పాట ఉండేది ఇందుకే. ఇప్పుడు దంచడం మిల్లుకి పోయింది, కోత యంత్రానికి పోయింది. ఆ పనులతో పాటు, జనం కలిసి పాడే సందర్భాలు కూడా పోయాయి. పని తగ్గినందుకు ఏడవనక్కర్లేదు, వంగి నాట్లు వేసిన నడుములని అడిగితే తెలుస్తుంది. కానీ పిల్లలు పెద్దల పక్కన నిలబడి పాట అందుకునే చోటు ఒకటి తగ్గింది. దాన్ని బడి తీసుకోవాలి.

ఏ పాటలు నేర్పాలి అన్నది తరవాతి ప్రశ్న. సంగీతం అనగానే మాయామాళవగౌళ రాగంలో సరళీ స్వరాలు మొదలుపెట్టాలని కొందరు అనుకుంటారు. పురందరదాసు గారు ఏర్పరచిన దారి అది, 16వ శతాబ్దం నుంచీ నడుస్తోంది. గురువు ఎదురుగా ఇద్దరు ముగ్గురు శిష్యులు కూర్చున్నచోట దాన్ని మించిన దారి లేదు. ఒకటో తరగతి గదిలో, అందులోనూ ఒకటీ రెండూ కలిపి కూర్చున్న గదిలో, అది పనిచేయదు. పిల్లలకి 'స రి గ మ' అనే అక్షరాలు ఏ పాటనీ గుర్తుచేయవు. ముందు పాట ఉండాలి, పాటలోంచి స్వరం రావాలి. నాలుగు, ఐదు తరగతుల్లో, అప్పటికే చాలా పాటలు గొంతులో ఉన్న పిల్లలకి సరళీ జంటలు చెబితే గబగబా పట్టేస్తారు. నా వృత్తివాళ్ళు కొందరు దీనికి ఒప్పుకోరు. ఫరవాలేదు.

ఈ విషయంలో హంగరీ దేశం నుంచి నేర్చుకోవాల్సింది ఉంది. జోల్తాన్ కొడాయ్ అని అక్కడి పెద్ద సంగీతకారుడు. 1905 ప్రాంతం నుంచీ మిత్రుడు బార్టోక్‌తో కలిసి పల్లెటూళ్ళు తిరిగి, మైనపు సిలిండర్ల మీద రైతుల పాటలు రికార్డు చేసుకున్నాడు. తరవాత బడుల మీద పడ్డాడు. ఆయన పట్టుదల ఏమిటంటే, పిల్లలకి మొదటి సంగీతం సొంత భాషలో, సొంత ఊరి పాటల్లోంచే రావాలి. వాద్యం కాదు, గొంతే మొదటి సాధనం. అది కొద్దిమంది సొత్తు కాదు. 1950లో కెచ్‌కెమేత్ అనే ఊళ్ళో, ఆయన సొంత ఊరు అది, రోజూ సంగీతం ఉండే ప్రాథమిక పాఠశాల ఒకటి మొదలైంది. చిన్నపిల్లలకి రెండు మూడు స్వరాల ఆటపాటలతో మొదలుపెట్టి, ఐదు స్వరాల పాటల్లోకి తీసుకెళ్ళి, అక్కడి నుంచి పైకి తీసుకెళతారు.

మనకి ఆ రెండు మూడు స్వరాల పాటలు లేవా? 'చెమ్మచెక్క' ఉంది. 'ఒప్పులకుప్ప' ఉంది. 'వీరీ వీరీ గుమ్మడిపండు', 'కాళ్ళాగజ్జా కంకాళమ్మ' ఉన్నాయి. వాటిలో చప్పట్లు ఉన్నాయి, తిరగడం ఉంది, కళ్ళు మూయడం ఉంది, పట్టుకోవడం ఉంది. ఏ నిపుణుల కమిటీ కూర్చున్నా ఇంత చక్కటి పాఠ్యప్రణాళిక తయారుచేయలేదు. కానీ మీ పిల్లల్ని అడిగి చూడండి, 'కాళ్ళాగజ్జా' పూర్తిగా ఎంతమందికి వచ్చో. మొదటి రెండు ముక్కల తరవాత ఆగిపోతారు. ఇంగ్లీషు రైములు మాత్రం అభినయంతో సహా చెబుతారు. ఇంగ్లీషు రైముల మీద నాకు కోపం లేదు. వాటితో పాటు ఇవి కూడా రావాలి అంటున్నాను.

కొడాయ్ మైనపు సిలిండర్లు మోసుకెళ్ళాడు. మన ఐదో తరగతి పిల్లల ఇళ్ళల్లో అంతకన్నా మంచి రికార్డర్ ఉంది, అమ్మ ఫోను. శనివారం పని ఇవ్వండి. మీ నానమ్మ పాడే జోలపాటో, నాట్ల పాటో, రామదాసు కీర్తనో, ఏదైనా ఒకటి రికార్డు చేసుకుని రమ్మనండి. సోమవారం అందరూ వినాలి. నచ్చింది అందరూ నేర్చుకోవాలి. నానమ్మలు మొదట "ఛీ పో, నాకేం వచ్చు" అంటారు. రెండోసారి అడిగితే ఆపమన్నా ఆపరు. చర్చికి వెళ్ళే ఇళ్ళ నుంచి తెలుగు క్రైస్తవ కీర్తనలు వస్తాయి, అవి కూడా పాటలే. పీర్ల పండగ పాటలు తెలిసిన ఇళ్ళు ఉంటాయి. అన్నీ రానివ్వండి. ఏ పాట ఎవరిదో తెలియడం కూడా చదువే.

ఇప్పుడు వార్షికోత్సవం గురించి చెప్పకుండా తప్పించుకోలేను. బడిలో సంగీతం ఎలా ఉంది అని అడిగితే హెచ్ఎంలు వార్షికోత్సవం వీడియో చూపిస్తారు. ఆ వీడియోలో పాట ఉంటుంది, పాడేవాళ్ళు ఉండరు. సినిమా పాట స్పీకర్లోంచి వస్తుంటుంది, పిల్లలు దానికి అడుగులు వేస్తుంటారు. నెలరోజులు మిగతా క్లాసులు ఆపి తయారుచేస్తారు. పాల్గొనేది పది పదిహేను మంది, అందంగా కనబడేవాళ్ళు, బట్టలు కొనగలిగినవాళ్ళు. మిగతావాళ్ళు కుర్చీలు మోస్తారు. సినిమా పాట పిల్లలు పాడకూడదని నేను అనను, మంచి పాట ఎక్కడున్నా మంచిదే. సినిమా పాటలు పెద్దవాళ్ళ గొంతుల కోసం కట్టినవి, చాలావాటి శ్రుతి పిల్లలకి కుదరదు. కాస్త దించో పెంచో పాడించుకోవాలి. నా అభ్యంతరం స్పీకరు మీద. చిన్న గదిలో అంత పెద్ద శబ్దానికి అలవాటుపడ్డ చెవి పక్కవాడి గొంతు వినడం మానేస్తుంది. (ఈ మైకు కూడా కొంచెం తగ్గిస్తే బాగుండును బాబూ.) ఒక్క ఏడాది వార్షికోత్సవంలో ఒకే ఒక్క అంశం మార్చి చూడండి. బడిలో ఉన్న పిల్లలందరూ, ఒక్కరు కూడా మిగలకుండా వేదిక మీదో, వేదిక ముందో నిలబడి, రికార్డు లేకుండా ఒక పాట పాడాలి. ఆ పాటలో తమ పిల్ల గొంతు కూడా ఉందని తెలిసిన తల్లి ఎలా వింటుందో గమనించండి.

చట్టం సంగతి కొంచెం చెప్పాలి, ఎందుకంటే మండల విద్యాధికారి ఎంఈఓ గారు కూడా ఉన్నారు. 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం పదో తరగతి వరకూ కళావిద్య తప్పనిసరిగా ఉండాలని చెప్పింది. 2020 జాతీయ విద్యావిధానం కళలకీ మిగతా చదువుకీ మధ్య గోడ ఉండకూడదంది. మాటలు బాగున్నాయి. 2009 విద్యాహక్కు చట్టంలో టీచర్ల లెక్కలున్న షెడ్యూలు తెరిచి చూడండి. కళావిద్యకి పార్ట్‌టైమ్ బోధకులు ఉండాలని అందులో ఉంది, నిజమే. కానీ ఎక్కడ? ఆరు నుంచి ఎనిమిది తరగతులకి, అదీ పిల్లలు వందకి మించి ఉంటే. ఒకటి నుంచి ఐదుకి ఆ మాటే లేదు. అరవై మంది పిల్లల వరకూ ఇద్దరు టీచర్లు, అంతే. గొంతూ చెవీ మెత్తగా ఉండే వయసులో ఎవరూ ఉండరు, గొంతు మారే వయసు వచ్చేసరికి, అదీ పెద్ద బడిలో చదివితే, ఒక పార్ట్‌టైమ్ మనిషి వస్తారు. లంక గ్రామాల్లో ఇద్దరు టీచర్ల బడులు, వరద వస్తే పడవ మీద వెళ్ళాల్సిన బడులు మనకి ఎన్నో ఉన్నాయి. అక్కడికి సంగీతం టీచరు వస్తారని ఎదురుచూస్తూ కూర్చుంటే ఇప్పుడున్న పిల్లలు పెళ్ళిళ్ళు చేసుకుంటారు.

అలాగని ప్రభుత్వాన్ని వదిలేయమని కాదు. మండలానికి ఒక్క సంగీతం టీచరైనా ఉండి, వారానికో బడి చొప్పున తిరిగి, మీకు పాటలు నేర్పి, మీరు నేర్పింది విని సరిదిద్దితే చాలా మార్పు వస్తుంది. డీఎడ్ శిక్షణలో పాడటం నిజంగా నేర్పాలి, రికార్డులో రాయించడం కాదు. ఇవి గట్టిగా అడగాల్సినవే. అడుగుతూనే మన పని మనం మొదలుపెట్టాలి.

సరే, "మాకు పాడటం రాదండీ" అన్న మాట దగ్గరికి వచ్చాను. మనం తెలుగు నేర్పేది కవుల్ని తయారుచేయడానికి కాదు, నేర్పే మనం కవులం కాము కూడా. అయినా తప్పుల్లేకుండా చదవడం, రాయడం నేర్పుతున్నాం. పాట కూడా అంతే. మీకు కచేరీ గొంతు అక్కర్లేదు. శ్రుతిలో కలవగలిగితే చాలు, అది ఈ మధ్యాహ్నం నేను మీకు నేర్పగలను. అసలే కుదరనివాళ్ళు లయ తీసుకోండి. చప్పట్లు, బల్ల మీద దరువు, నడక, పద్యం. తోటి టీచరు గొంతు బాగుంటే క్లాసులు మార్చుకోండి, ఆవిడ మీ పిల్లలకి పాట చెబుతుంది, మీరు ఆవిడ పిల్లలకి లెక్కలు చెప్పండి. క్లాసులో మాట్లాడటానికి సిగ్గుపడే పిల్లకి బాగా పాడటం వచ్చి ఉండొచ్చు, ఆ పిల్లని ముందు నిలబెట్టండి. బడి గదిలోని స్మార్ట్ టీవీలో పాట వినిపించండి, కానీ విన్నాక ఆపేయండి. టీవీతో కలిసి పాడించవద్దు. టీవీ తోడుంటే పిల్లలు గొంతు దాని వెనక దాచుకుంటారు.

ఎంతసేపు? రోజుకి పది నిమిషాలు. వారానికి ఒక గంట కంటే రోజూ పది నిమిషాలు మేలు. ప్రేయర్ తరవాత గానీ, మధ్యాహ్న భోజనం అయ్యాక పిల్లలు కూడుకునే వేళ గానీ పెట్టుకోవచ్చు. మార్కులు పెట్టకండి. ప్రగతి పత్రంలో రాయాల్సి వస్తే 'కలిసి పాడుతోంది', 'ఇంకా వింటోంది' అని రాయండి, చాలు. పోటీలు కూడా నాలుగో తరగతి దాకా వద్దని నా అభిప్రాయం. పోటీలో గెలిచేది ఒక్కరు, మిగతా అందరికీ ఆ రోజు తెలిసేది తాము పాడలేమని.

వినికిడి లోపం ఉన్న పిల్లల్ని ఈ పది నిమిషాల నుంచి తప్పించవద్దని కూడా మనవి. డప్పు మీద చెయ్యి పెట్టనిచ్చి, ఇంకొకరు వాయిస్తే ఆ దెబ్బ అరచేతికి తెలుస్తుంది. పెద్ద డోలు అయితే నేల ద్వారా పాదాలకి కూడా తెలుస్తుంది. అలాంటి పిల్లలు తాళంలో మిగతావాళ్ళకంటే స్థిరంగా ఉండటం కూడా నేను చూశాను.

ఇక మాటలు చాలు. భోజనాలయ్యాక ఒక పని చేద్దాం. ఫోన్లలో తంబురా యాప్ ఎక్కించుకోండి, రానివాళ్ళకి పక్కవాళ్ళు సాయం చేయండి. ముందు ఒకటిన్నర శ్రుతిలో 'జన గణ మన' ఎత్తుకుని 'జయహే' దగ్గర ఎంతమందిమి నిలబడతామో చూద్దాం. ఆ తరవాత 'కాళ్ళాగజ్జా' మొత్తం, ఎవరికి ఏ ముక్క గుర్తుంటే ఆ ముక్క చెప్పి బోర్డు మీద రాద్దాం. ఊరికో రకంగా ఉంటుంది, అన్నీ రాద్దాం. లంకల వైపు వెళ్ళేవాళ్ళు నాలుగింటి పంటు పడవ అందుకోవాలి కాబట్టి వాళ్ళ చేత ముందు పాడిస్తాను.